పొగబండి కోసం దీవి దాకా పోయా, మేడ్చల్ లైన్ కథ మా తాత దగ్గర దొరికింది

ఈ ఎపిసోడ్ మేడ్చల్ రైల్వే స్టేషన్ బయట, టీ కొట్టు బెంచీ మీద కూర్చుని మాట్లాడుతున్నా. మధ్యలో హారన్ వినిపిస్తే అది ఎడిటింగ్ మిస్టేక్ కాదు, నిజంగానే ట్రైన్ వచ్చినట్టు.

నేను ఉండేది శామీర్‌పేట వైపు. మా దగ్గర చెరువు ఉంది, జింకల పార్క్ ఉంది, రాజీవ్ రహదారి ఉంది, ఆదివారం వస్తే బిర్యానీ కోసం సిటీ మొత్తం దిగుతుంది. రైల్వే స్టేషన్ మాత్రం లేదు. అందుకే చిన్నప్పటి నుంచి నాకు ట్రైన్ అంటే మేడ్చల్‌లో తాత వాళ్ల ఇల్లే. గూడ్స్ పోతుంటే అటక మీద స్టీలు గిన్నెలు గలగలమనేవి. నానమ్మ అయితే వాచ్ చూసేది కాదు, "నిజామాబాద్ బండి పోయింది, బియ్యం కడుగు" అనేది.

కట్ చేస్తే, జాబ్ మానేయడానికి కొన్ని నెలల ముందు నేను మాంచెస్టర్‌లో ఆన్‌సైట్‌లో ఉన్నా. నాలుగు రోజులు సెలవు దొరికింది. టీమ్‌లో మనవాళ్లంతా స్కాట్లండ్ అన్నారు. నేను ఒక్కడినే ఐల్ ఆఫ్ మ్యాన్ అన్నా. "అక్కడేముందిరా?" అన్నారు. "పాత రైళ్లున్నాయి" అన్నా. ఆ తర్వాత నన్ను ఇంకెవరూ పిలవలేదు.

ఐల్ ఆఫ్ మ్యాన్ అంటే ఇంగ్లండ్‌కి, ఐర్లండ్‌కి మధ్య సముద్రంలో ఉన్న దీవి. 572 చదరపు కిలోమీటర్లు. జనం దాదాపు 84 వేలు. మన దగ్గర నాలుగు కాలనీలు కలిపితే అంతమంది తేలతారు. కానీ వాళ్లకి సొంత పార్లమెంట్ ఉంది, సొంత పౌండ్ నోట్లు ఉన్నాయి. ఇంగ్లండ్‌లో హేషమ్ అనే ఓడరేవు నుంచి ఫెర్రీలో దాదాపు నాలుగు గంటలు. ఆ నాలుగు గంటలు నా కడుపు పరిస్థితి గురించి ఈ ఎపిసోడ్‌లో మాట్లాడను.

అంత చిన్న దీవిలో ఏమేం నడుస్తున్నాయో వినండి. డగ్లస్ అనే ఊరి నుంచి పోర్ట్ ఎరిన్ దాకా బొగ్గుతో నడిచే స్టీమ్ ట్రైన్, దాదాపు 25 కిలోమీటర్లు. డగ్లస్ నుంచి ఉత్తరాన రామ్సే దాకా సముద్రం ఒడ్డునే ఎలక్ట్రిక్ ట్రామ్, 17 మైళ్లు. మధ్యలో లాక్సీ అనే ఊళ్లో దిగితే, స్నేఫెల్ అనే కొండ ఎక్కడానికి ఇంకో రైలు, పైన ఎత్తు 620 మీటర్లు. ఇవన్నీ చాలవన్నట్టు డగ్లస్ బీచ్ రోడ్డు మీద గుర్రాలు లాగే ట్రామ్. ఇవి మ్యూజియంలో పెట్టిన బొమ్మలు కావు. టికెట్ కొని ఎక్కి దిగే బండ్లు.

స్టీమ్ ట్రైన్‌ది ఒక్కటే చెప్తా. పోర్ట్ ఎరిన్ లైన్ మొదలైంది 1874 ఆగస్టులో. మాంచెస్టర్‌లో బేయర్ పీకాక్ అనే కంపెనీ చేసిన ఇంజిన్లు. 'లోక్' అనే పేరున్న ఇంజిన్ ఆ 1874లో తయారైందే, ఇంకా వాళ్ల దగ్గర ఉంది. చెక్క పెట్టెలు, ప్రతి కంపార్ట్‌మెంట్‌కి బయటికే తలుపు. పక్కన గొర్రెలు మేస్తుంటాయి, మనం పోతున్నా తల కూడా ఎత్తవు. గంట ప్రయాణం. దిగేసరికి నా తెల్ల టీషర్ట్ మీద బొగ్గు నుసి. హోటల్లో ఎంత ఉతికినా పోలేదు.

ట్రామ్ విషయంలో నాకు నిజంగా మతిపోయింది. ఆ లైన్ 1893లో మొదలైంది. అప్పటి మొదటి రెండు కార్లు, 1, 2 నంబర్లవి, ఇంకా అదే లైన్ మీద నడిచే స్థితిలో ఉన్నాయి. నేనెక్కింది 1899 నాటి కారు. లోపల చెక్క సీట్లు, ఇత్తడి హ్యాండిళ్లు. డ్రైవర్ నిలబడే నడుపుతాడు. నా ఫోన్ రెండేళ్లకే హ్యాంగ్ అవుతోంది మరి.

కొండ రైలు 1895ది. దానికి పట్టాల మధ్యలో ఇంకో పట్టా ఉంటుంది, ఫెల్ రైల్ అంటారు. దిగేటప్పుడు అవసరమైతే బ్రేకు దాన్ని రెండు వైపులా పట్టుకుంటుంది. ఇంజినీరింగ్ బ్యాచ్ వాళ్లు దీని వీడియో వెతుక్కుని చూడండి, నేను చెప్తే తేలదు.

1895 అనగానే మనవాళ్ల సంగతి ఒకటి. ఎలక్ట్రిక్ ట్రామ్ అంటే ఎక్కడో యూరప్‌లో అనుకుంటాం కదా. మద్రాసులో ఎలక్ట్రిక్ ట్రామ్ మొదలైంది కూడా 1895లోనే. అప్పటి మద్రాసు అంటే తెలుగువాళ్లకి సొంత ఊరు లాంటిదే. 1953లో, అంటే ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన ఏడాదే, ఆ ట్రామ్ ఆగిపోయింది. ఇప్పుడు చెన్నై రోడ్ల మీద దాని జాడ వెతుక్కోవాలి.

సరే. ఇక్కడికి వరకు ఇది మామూలు ట్రావెల్ వీడియో. అసలు విషయం ఇంటికొచ్చాక మొదలైంది.

తాతకి ఎనభై దాటాయి. చూపు కొంచెం మందగించింది, చెవులు మాత్రం పాము చెవులు. టీవీకి ఫోన్ కనెక్ట్ చేసి ఐల్ ఆఫ్ మ్యాన్ వీడియో పెట్టా. పొగ, కూత, పచ్చటి కొండలు, సముద్రం. అమ్మ "అబ్బ ఎంత బాగుందో" అంటోంది. తాత ఏమన్నాడో తెలుసా?

"గేజు ఎంత రా?"

నేను గూగుల్ చేసి చెప్పా. మూడడుగులు, అంటే 914 మిల్లీమీటర్లు. "మన మీటర్ గేజ్ కన్న చిన్నది" అన్నాడు. మళ్లీ కాసేపు చూసి, "మాల్ డబ్బాలు కనవడ్తలేవు. సరుకు ఏం తోలుతరు?" అన్నాడు. సరుకేం లేదు తాతా, మనుషులే, చూడ్డానికి ఎక్కుతారు అన్నా.

"ఉత్తగనే నడుపుతున్నరా?" అని నవ్వడం మొదలుపెట్టాడు. దగ్గొచ్చేదాకా నవ్వాడు.

అప్పుడు నాకు ఒక డౌట్ వచ్చింది. మీటర్ గేజ్ అనే మాట తాతకి ఎట్లా తెలుసు? నాకు తెలిసిన తాత పొలం చూసుకునే తాత. అడిగితే అప్పుడు చెప్పాడు. పెళ్లయిన కొత్తలో, పొలంలో పని లేని నెలల్లో, సికింద్రాబాద్ వైపు గూడ్స్ యార్డులో హమాలీ పనికి పోయేవాడట. ఒకటి రెండు సంవత్సరాలు కాదు, చాలా ఏళ్లు. నాకు ఇరవై ఏడేళ్లు వచ్చేదాకా ఈ సంగతే తెలీదు. 1874 ఇంజిన్‌తో సెల్ఫీ కోసం సముద్రం దాటి పోయిన మనిషికి, ఇంట్లో మనిషి రైలు యార్డులో పనిచేశాడని తెలీదు.

అప్పటి నుంచి ఈ లైన్ గురించి చదవడం మొదలుపెట్టా. షార్ట్‌గా చెప్తా, కానీ ఇది మీకు కావాలి, లేకపోతే తాత చెప్పింది అర్థం కాదు.

హైదరాబాద్ రాజ్యానికి మొదటి రైలు వాడి నుంచి సికింద్రాబాద్‌కి వచ్చింది. ఏడాది ఎంతో చెప్పుకోండి చూద్దాం. 1874. అక్టోబర్‌లో. అంటే ఆ దీవిలో పోర్ట్ ఎరిన్ లైన్ మొదలైన రెండు నెలలకి. అప్పటి నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఎనిమిదేళ్ల పిల్లాడు, వ్యవహారం నడిపింది సాలార్ జంగ్. అది బ్రాడ్ గేజ్, 1676 మిల్లీమీటర్లు.

తర్వాత దీన్ని నడపడానికి ఒక కంపెనీ వచ్చింది. పేరు నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. ఆ 'గ్యారంటీడ్' అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి. డబ్బు పెట్టింది లండన్ ఇన్వెస్టర్లు. వాళ్ల పెట్టుబడికి వడ్డీ గ్యారంటీ ఇచ్చింది నిజాం ప్రభుత్వం. రైలుకి లాభం రాకపోతే ఆ తేడా ఖజానా నుంచి కట్టాలి. ఖజానా అంటే ఎవరిది? రైతు కట్టిన శిస్తు. 1883లో చాందా వైపు రైలు స్కీమ్ మీద హైదరాబాద్‌లో గొడవ జరిగింది, లెక్కలు జనం ముందు పెట్టండి అని. దాంట్లో ముందున్న అఘోరనాథ్ చటోపాధ్యాయని రాజ్యం నుంచే పంపించేశారు. ఆయనెవరంటే సరోజినీ నాయుడు నాన్న. నిజాం రైలు అనగానే మనం పాలరాయి, రాజసం అంటూ మ్యూజిక్ వేసి రీల్స్ చేస్తాం. ఈ ముక్క ఎవరూ పెట్టరు.

ఇక మన మేడ్చల్ లైన్. దీని అసలు పేరు హైదరాబాద్ గోదావరి వ్యాలీ రైల్వే. ఎంత మంచి పేరో చూడండి. మన దగ్గర నుంచి నిజామాబాద్, బాసర దగ్గర గోదావరి దాటి, నాందేడ్, పర్భణీ, జాల్నా, ఔరంగాబాద్ మీదుగా మన్మాడ్ దాకా. 391 మైళ్లు, అంటే దాదాపు 630 కిలోమీటర్లు. 1899 నుంచి 1901 మధ్యలో ముక్కలు ముక్కలుగా తెరిచారు. నేను దీవిలో ఎక్కిన ట్రామ్ కారు వయసే దీనిది కూడా. బాసరలో అక్షరాభ్యాసం చేయించుకున్న వాళ్లలో చాలామంది ఈ లైన్ మీదే పోయుంటారు. నన్ను కూడా ఇందులోనే తీసుకెళ్లారట, నేను పలక మీద కూర్చున్నానని ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు.

దీన్ని మాత్రం మీటర్ గేజ్‌లో వేశారు. పట్టాల మధ్య దూరం సరిగ్గా 1000 మిల్లీమీటర్లు. తేలిక పట్టాలు, చిన్న వంతెనలు, తక్కువ ఖర్చు. ఖర్చు మిగిలింది, బాగుంది. కానీ మన్మాడ్ వైపు నుంచి మీటర్ గేజ్ వ్యాగన్లో వచ్చిన సరుకు బెజవాడ వైపో వాడి వైపో బ్రాడ్ గేజ్‌లో పోవాలంటే ఎట్లా? చక్రాలు ఆ పట్టాల మీద కూర్చోవు. దించాలి, ఎక్కించాలి.

మన భాషలో చెప్పాలంటే రెండు సిస్టమ్స్‌కి ఇంటిగ్రేషన్ లేదు. ఒక ఎక్సెల్‌లో ఉన్న డేటాని ఎవడో కూర్చుని ఇంకో ఎక్సెల్‌లోకి చేత్తో కాపీ చేయాలి, రోజూ, ప్రతి లైను. ఆ కాపీ పేస్ట్ చేసినవాడే మా తాత. తేడా ఏంటంటే ఇక్కడ ఒక్కో లైను వంద కిలోల జొన్న బస్తా.

తాత దాన్ని "ట్రాన్‌షిప్ పని" అనే అంటాడు. ఒక పక్క చిన్న బండి, ఒక పక్క పెద్ద బండి, మధ్యలో చెక్క పలక. జొన్నలు, పత్తి బేళ్లు, ఉల్లిగడ్డ. ఉల్లిగడ్డ రోజు అందరికన్నా కష్టం అన్నాడు. ఎందుకు, బస్తా బరువా అని అడిగా. కాదట. ఎండలో వ్యాగన్ లోపల కుళ్లిపోయి రసం కారుతుంది, అది మెడ మీద పడితే మంట, రెండ్రోజులు వాసన. "మీ నానమ్మ గడప బయటనే బిందె పెట్టేది, నీళ్లు పోసుకున్నాకనే లోపటికి" అన్నాడు.

నేను యార్డులో స్టీమ్ ఇంజిన్లు ఎట్లా ఉండేవి అని అడుగుతూనే ఉన్నా. వై.పి. అంటే ప్యాసింజర్‌కి, వై.జి. అంటే గూడ్స్‌కి, ఇవన్నీ నేను చదువుకుని పోయా. ఆయనకి ఆ పేర్ల మీద పెద్ద ఇంట్రెస్ట్ లేదు. "వై.జి. వస్తే పని వచ్చినట్టు" అన్నాడు, అంతే. ఇంజిన్ అందంగా ఉండేదా తాతా అంటే, నన్ను ఒక పిచ్చోణ్ని చూసినట్టు చూశాడు.

నేను అప్పటికే స్క్రిప్ట్ రాసుకుని ఉన్నా, ఫ్రెండ్స్. మీకు దాచడమెందుకు. స్క్రిప్ట్ ఏంటంటే, "వాళ్లు దీవిలో దాచుకున్నారు, మనం పీకేశాం, మనకి హెరిటేజ్ విలువ తెలీదు". థంబ్‌నెయిల్ కూడా అనుకున్నా, ఎర్ర బాణం గుర్తుతో. ఎందుకంటే మన మీటర్ గేజ్ ఇప్పుడు లేదు కదా. 1992లో దేశం మొత్తం ఒకే గేజ్ చేయాలని యూనిగేజ్ ప్రాజెక్ట్ మొదలైంది, ఆ తర్వాత మన లైన్ మొత్తం బ్రాడ్ గేజ్ అయింది. కాచిగూడ నుంచి మీటర్ గేజ్ మీద పరిగెత్తిన అజంతా ఎక్స్‌ప్రెస్ కూడా పెద్ద పట్టాల మీదకి వచ్చేసింది.

తాతని అడిగా, చిన్న పట్టాలు పీకేసినప్పుడు బాధ అనిపించలేదా అని.

"బాధెందుకు రా? నా నడుం బతికింది. నా తర్వాత వచ్చేటోళ్ల నడుములు బతికినయ్."

స్క్రిప్ట్ అక్కడే డిలీట్.

దీవి గురించి కూడా నేను సగమే చెప్తున్నానని తర్వాత అర్థమైంది. వాళ్లు కూడా అన్నీ దాచుకోలేదు. ఒకప్పుడు ఆ స్టీమ్ రైల్వేకి పీల్ అనే ఊరికి, రామ్సేకి కూడా లైన్లు ఉండేవి. 1968లో అవి మూతపడ్డాయి. జనం బస్సులకి, కార్లకి మారిపోయారు. మిగిలింది ఒక్క పోర్ట్ ఎరిన్ లైనే, అది కూడా అక్కడి ప్రభుత్వం 1970ల్లో తీసుకుంది కాబట్టి. గుర్రపు ట్రామ్ అయితే ఈ మధ్యనే పోయేది. 1876 నుంచి నడుస్తున్నదాన్ని, ఖర్చు భరించలేం అని 2016 మొదట్లో డగ్లస్ కౌన్సిల్ ఆపేస్తామంది. జనం గొడవ చేస్తే దీవి ప్రభుత్వం బాధ్యత తీసుకుంది. అంటే వాళ్లకి టూరిస్టులే సరుకు. రైలు ఉంటే టూరిస్ట్ వస్తాడు. మనకి ఈ లైన్ మీద నిజంగా సరుకు ఉంది, జనం ఉన్నారు. 2023 ఏప్రిల్ నుంచి ఎం.ఎం.టి.ఎస్. మేడ్చల్ దాకా వస్తోంది. పక్కనే మనోహరాబాద్ నుంచి కరీంనగర్ దగ్గర కొత్తపల్లికి 151 కిలోమీటర్ల కొత్త లైన్ పడుతోంది, సిద్దిపేట దాకా రైలు వచ్చేసింది. ఈ లైన్‌ని మ్యూజియం చేయమని అడిగితే, మేడ్చల్ నుంచి రోజూ సిటీకి పోయేవాళ్లు నన్ను స్టేషన్ దగ్గరే కొడతారు.

కానీ ఒక్క విషయంలో ఆ దీవి మీద నాకు కుళ్లు పోలేదు. అక్కడ షెడ్‌లో ఒకాయన ఇంజిన్‌కి నూనె పోస్తూ కనిపించాడు. పక్కన ఒక కుర్రాడు, నాకన్నా చిన్నోడు, పాత గుడ్డ పట్టుకుని నేర్చుకుంటున్నాడు. ఎక్కడ ఎంత పోయాలి, ఏ శబ్దం వస్తే ఆపాలి. ఇంజిన్ కన్నా నాకు అదే ఎక్కువ గుర్తుంది. ఇక్కడ వంద కిలోల బస్తా వంగకుండా మెడ మీదకి ఎట్లా తీసుకోవాలో, తడి పలక మీద అడుగు ఎట్లా వేయాలో తెలిసిన మనిషి మా ఇంట్లో టీవీ ముందు కూర్చుని ఉన్నాడు. ఆ పని మళ్లీ ఎవరూ నేర్చుకోవద్దు, నేను కోరుకోను కూడా. చేశారని మాత్రం ఎక్కడో ఉండాలి కదా. స్టేషన్ కట్టిన నిజాం పేరు అందరికీ తెలుసు. పలక మీద నడిచినవాళ్ల పేర్లు ఏ రిజిస్టర్‌లో వెతకాలి?

అందుకే తాతని రికార్డ్ చేద్దామని కూర్చోబెట్టా. కాలర్‌కి మైక్ పెట్టా, ఫ్యాన్ ఆపా, నలభై నిమిషాలు మాట్లాడాడు. మేస్త్రీలు, కూలి లెక్కలు, ఒకసారి పలక జారి పక్కవాడి కాలు విరిగిన సంగతి, సమ్మె చేసిన సంగతి, అన్నీ. సాయంత్రం ఫైల్ ఓపెన్ చేస్తే నలభై నిమిషాలు మూకీ సినిమా. రిసీవర్ ఆన్ చేయలేదు నేను. మూడేళ్లు కోడ్ రాసి, ఇప్పుడు కెమెరా పట్టుకుని బతుకుతున్న మనిషిని. మర్నాడు మళ్లీ అడిగితే, "నిన్ననే చెప్పిన కదరా" అని పది నిమిషాల్లో ముగించేశాడు. కాలు విరిగిన సంగతి రెండోసారి చెప్పలేదు. అడిగితే మాట మార్చాడు. ఇప్పటిదాకా మీకు చెప్పినవన్నీ ఆ పది నిమిషాలు, నాకు గుర్తున్నది కలిపి.

పోయిన వారం ఎం.ఎం.టి.ఎస్.లో తీసుకెళ్లా. మేడ్చల్‌లో ఎక్కాం. గౌడవెల్లి, గుండ్లపోచంపల్లి, బొల్లారం, అల్వాల్. ఆయన కిటికీ పక్కన కూర్చుని ఏం మాట్లాడలేదు. మల్కాజిగిరి దాటాక లేచి నిలబడ్డాడు. సికింద్రాబాద్‌లో దిగి ప్లాట్‌ఫామ్ చివరిదాకా మెల్లగా నడిచాడు. "ఈడనే" అన్నాడు. కాసేపు చూసి "కాదు, ఆడ" అన్నాడు. మళ్లీ అటు కూడా కాదన్నాడు. అంతా మారిపోయింది. నేను ఫోన్‌లో మ్యాప్ తీస్తే వద్దన్నాడు. టీ తాగి వచ్చేశాం.

వచ్చేటప్పుడు మాత్రం ఒక మాట అడిగాడు. కాచిగూడ స్టేషన్ ఉంది కదా, 1916లో కట్టింది, ఆ గుమ్మటాలు, మినార్లతో. మీటర్ గేజ్ బండ్లకి అది పెద్ద స్టేషన్. తాత అక్కడికి పనికి చాలాసార్లు పోయాడట, కానీ ఎప్పుడూ వెనక యార్డు వైపు నుంచే. ముందు వైపు ఎట్లుంటదో ఒక్కసారి కూడా చూడలేదట. "ముందర దర్వాజ నుంచి లోపటికి పోదాం రా, టికెట్ కొనుక్కొని" అన్నాడు.

ఈ ఆదివారం పోతున్నాం. లోపల రైల్వే మ్యూజియం కూడా ఉంది, ఓపిక ఉంటే అది కూడా చూస్తాం. ఈసారి రిసీవర్ ఆన్‌లో ఉందో లేదో అమ్మ చెక్ చేస్తానంది.